ఎదగడం మరచిన కణం: న్యూరోబ్లాస్టోమా చరిత్రలో నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు

పసిపిల్లలకు వచ్చే క్యాన్సర్లలో న్యూరోబ్లాస్టోమాది ఒక వింత స్వభావం. ఒక శిశువులో ఇది ఏ మందూ వేయకుండానే కరిగి మాయమవుతుంది. మరొక బిడ్డలో ప్రాణాంతకంగా మొదలై, కాలక్రమాన నిరపాయమైన నాడీకణాల ముద్దగా మారి అక్కడితో ఆగిపోతుంది. ఇంకొక బిడ్డలో శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్, మూలకణాల మార్పిడి అన్నిటినీ దాటుకొని తిరిగి వస్తుంది. పిల్లల క్యాన్సర్లలో ఇది సుమారు ఏడెనిమిది శాతం మాత్రమే. క్యాన్సర్‌తో మరణించే పిల్లల్లో మాత్రం దీని వాటా దాదాపు 15 శాతం. బాధితుల్లో అత్యధికులు అయిదేళ్ళు నిండనివారు.

అందువల్ల ఈ జబ్బు విషయంలో వైద్యుడి ముందు నిలిచే మొదటి ప్రశ్న ఏ మందు వాడాలన్నది కాదు. ఈ బిడ్డలో ఈ కణితి ఏ దారి పడుతుందన్నది. తప్పు ఊహిస్తే నష్టం రెండువైపులా ఉంది. దానంతటదే తగ్గిపోయే కణితికి విషతుల్యమైన మందులు వాడితే బిడ్డకు అనవసరమైన హాని. ముదిరే కణితిని చూస్తూ ఊరుకుంటే ప్రాణనష్టం. ఈ ప్రశ్నకు నూటయాభై ఏళ్ళుగా సాగుతున్న అన్వేషణలో చివరి పాతికేళ్ళ కథకు ఆధారం ఎవరూ ఊహించని చోట దొరికింది: మిల్లీమీటరు పొడవున్న ఒక పురుగులో, అది కూడా ప్రోటీన్ తయారుచేయని జన్యువుల్లో.

పేరు దొరికే దాకా

1864లో జర్మన్ వైద్య శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కోవ్ ఒక బిడ్డ కడుపులోని కణితిని వర్ణించి దానికి గ్లయోమా అని పేరు పెట్టాడు. 1891లో ఫెలిక్స్ మార్‌షాండ్ ఇటువంటి కణితులకూ, గర్భస్థ శిశువులో రూపుదిద్దుకొనే సహానుభూత నాడీవ్యవస్థకూ, అధివృక్క గ్రంథి లోపలి భాగానికీ ఉన్న పోలికలను గమనించాడు. అయినా ఆ పోలిక వెంటనే అందరి దృష్టికీ రాలేదు. 1901లో ఫిలడెల్ఫియాలో విలియమ్ పెప్పర్ కాలేయమంతా కణితి వ్యాపించిన శిశువులను గురించి రాశాడు. 1907లో లండన్‌లో రాబర్ట్ హచిసన్ పుర్రె ఎముకలకు జబ్బు పాకిన పిల్లలను వర్ణించాడు. ఇద్దరూ దానిని సార్కోమా అనే అనుకున్నారు. చాలాకాలం ఈ రెండూ వేరువేరు జబ్బులుగానే చెలామణి అయ్యాయి.

1910లో బోస్టన్‌కు చెందిన జేమ్స్ హోమర్ రైట్ ఈ ముక్కలను ఒకచోట చేర్చాడు. సూక్ష్మదర్శిని కింద ఈ కణాలు సన్నని పోగుల చుట్టూ గులాబీ రేకుల్లా వలయంగా అమరి ఉండడం చూసి, ఇవి ఇంకా పరిణతి చెందని నాడీకణాలని నిర్ణయించాడు. ఆ అమరికకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. జబ్బుకు స్థిరపడిన న్యూరోబ్లాస్టోమా అన్న పేరులో 'బ్లాస్ట్' అంటే మొలక దశలోని కణం. అంటే ఈ జబ్బు మూలస్వభావం దాని పేరులోనే ఉంది: పిండదశలో న్యూరల్ క్రెస్ట్ అనే కణసమూహం నుంచి బయలుదేరి, నాడీకణంగా ఎదగవలసిన కణం మధ్యలోనే ఆగిపోయి, ఎదగడం మాని విభజన చెందుతూ పోవడం.

తనంత తానే తగ్గే జబ్బు

ఆగిపోయిన ఎదుగుదల మళ్ళీ మొదలు కావచ్చునని 1927లో తెలిసింది. నాడీ శస్త్రచికిత్సకు ఆద్యుడైన హార్వీ కుషింగ్, ఎస్. బి. వోల్‌బాక్ కలిసి ఒక రోగి చరిత్రను ప్రచురించారు. వెన్నెముక పక్కన పుట్టిన ప్రాణాంతకమైన కణితి, కొన్నేళ్ళ తరువాత పరీక్షిస్తే పూర్తిగా ఎదిగిన నాడీకణాలతో నిండిన నిరపాయమైన గాంగ్లియోన్యూరోమాగా కనిపించింది.

1971లో డీ యాంజియో, ఆడ్రీ ఎవాన్స్, ఎవరెట్ కూప్ మరొక వింతను నమోదు చేశారు. ఏడాది లోపు శిశువుల్లో కొందరికి కణితి కాలేయానికీ, చర్మానికీ, ఎముక మజ్జకూ పాకినప్పటికీ వారిలో ఎక్కువమంది బతికి బయటపడుతున్నారు. చాలామందిలో కణితులు వాటంతటవే కరిగిపోతున్నాయి. పాకిన క్యాన్సర్ అంటే మరణమే అనుకొనే రోజుల్లో ఇది నమ్మశక్యం కాని విషయం. దీనికి 4ఎస్ దశ అని ప్రత్యేకంగా పేరు పెట్టవలసి వచ్చింది. ఈ ముగ్గురిలోని కూప్ తరువాతి కాలంలో అమెరికా సర్జన్ జనరల్ అయ్యాడు.

ఈ స్వభావాన్ని పూర్తిగా పట్టించుకోకపోతే ఏమవుతుందో జపాన్ అనుభవం చెబుతుంది. న్యూరోబ్లాస్టోమా కణాలు విడుదల చేసే రసాయనాల అవశేషాలు మూత్రంలో దొరుకుతాయి. కనుక ఆరు నెలల శిశువులందరికీ మూత్రపరీక్ష చేసి జబ్బును ముందుగానే పట్టుకుంటే మరణాలు తగ్గుతాయని భావించారు. 1970లలో క్యోటోలో మొదలైన ఈ పరీక్ష 1980ల మధ్య నాటికి జపాన్ అంతటా అమలులోకి వచ్చింది. కొత్త కేసులు గణనీయంగా పెరిగాయి. అయితే కెనడాలోని క్విబెక్‌లోనూ జర్మనీలోనూ జరిగిన పెద్ద అధ్యయనాల ఫలితాలు 2002లో వెలువడినప్పుడు, ఇటువంటి పరీక్షల వల్ల మరణాలు తగ్గలేదని తేలింది. పరీక్షకు దొరికినవి ఎక్కువగా ఎవరూ ముట్టుకోకపోయినా తగ్గిపోయే కణితులు. ప్రాణం తీసేవి ఆ తరువాత వేరుగా పుట్టుకొస్తున్నాయి. 2004లో జపాన్ ఈ కార్యక్రమాన్ని ఆపివేసింది. కణితిని కనిపెట్టడం ఒక ఎత్తు, దాని గతిని కనిపెట్టడం మరొక ఎత్తు అని వైద్యలోకం నేర్చుకున్న పాఠం ఇది.

ఒక జన్యువు, వందల ప్రతులు

గతిని సూచించే మొదటి గుర్తు క్రోమోజోముల్లో దొరికింది. న్యూయార్క్‌లో జూన్ బీడ్లర్ న్యూరోబ్లాస్టోమా కణాలను గాజుపాత్రల్లో పెంచుతూ, కొన్ని కణాల క్రోమోజోముల్లో చారలు లేకుండా ఒకే తీరుగా రంగు పట్టే పొడవైన భాగాలున్నాయని 1976లో ప్రకటించింది. 1983లో మాన్‌ఫ్రెడ్ ష్వాబ్, మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్‌ల బృందంతో పాటు మరికొందరు ఈ కణాల్లో మిక్ అనే క్యాన్సర్ జన్యువుకు చుట్టమైన కొత్త జన్యువు అనేక ప్రతులుగా పెరిగి ఉందని కనుగొన్నారు. అదే మిక్‌ఎన్. మామూలు కణంలో రెండే ప్రతులుండే ఈ జన్యువు కొన్ని కణితుల్లో పదులు, వందల ప్రతులుగా ఉంటుంది. 1984లో గారెట్ బ్రోడర్, 1985లో రాబర్ట్ సీగర్ తమ సహచరులతో కలిసి, ఇలా ప్రతులు పెరిగిన కణితులే ముదిరినవనీ, వేగంగా పెరిగేవనీ నిరూపించారు. రోగికి ఎంత తీవ్రమైన వైద్యం చేయాలో జన్యుపరీక్షతో నిర్ణయించడం క్యాన్సర్ వైద్యంలో మొదలైన తొలి సందర్భాల్లో ఇదొకటి.

కాని మిక్‌ఎన్ ప్రతులు పెరిగినవి మొత్తం కణితుల్లో దాదాపు అయిదో వంతే. మిగిలిన వాటి సంగతేమిటి? ఒకటవ క్రోమోజోము పొట్టి భుజంలో చివరి ముక్క చాలా కణితుల్లో లోపించి ఉంటుందని 1977 నుంచే తెలుసు. కణితిని అదుపులో పెట్టే జన్యువేదో అక్కడ ఉండాలని ఏళ్ళ తరబడి వెదికారు. ఆ తరువాత మొత్తం జన్యుక్రమాన్ని చదివే యంత్రాలు వచ్చాయి. 2013లో 240 తీవ్రమైన కేసుల్ని పరిశీలించిన అధ్యయనం ఊహించని ఫలితాన్ని ఇచ్చింది. ప్రోటీన్ జన్యువుల్లో ఉత్పరివర్తనాలు చాలా తక్కువ. అన్నిటికన్నా తరచుగా దెబ్బతిన్న ఆల్క్ జన్యువు సైతం సుమారు తొమ్మిది శాతం కణితుల్లోనే మారి ఉంది. పెద్దవారి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లాగా ఇది చెడిపోయిన ప్రోటీన్ల జాబితాతో వివరించగల జబ్బు కాదని స్పష్టమైంది.

పనికిరాదనుకున్న భాగం

జన్యువులోని సమాచారం ముందు ఆర్‌ఎన్‌ఏగా నకలై, ఆ ఆర్‌ఎన్‌ఏను చదివి కణం ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. పాఠ్యపుస్తకాల్లోని ఈ క్రమంలో ఆర్‌ఎన్‌ఏ ఒక వార్తాహరుడు మాత్రమే. మానవ జీనోములో ప్రోటీన్లను నిర్దేశించే భాగం రెండు శాతం కన్నా తక్కువ. మిగిలినదాని గురించి చాలాకాలం పెద్దగా పట్టింపు లేదు. 1972లో సుసుము ఓనో వాడిన 'జంక్ డీఎన్‌ఏ' అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. ఆ భాగంలో నిజంగానే ఏ పనీ చేయనిది చాలా ఉండవచ్చు. కాని దానిలో కొంత ఆర్‌ఎన్‌ఏగా నకలై, ప్రోటీన్‌గా మారకుండా ఆర్‌ఎన్‌ఏగానే తన పని తాను చేస్తుంది. వీటినే నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలంటారు. ఇరవై రెండు అక్షరాల పొడవుండే మైక్రో ఆర్‌ఎన్‌ఏల నుంచి వేల అక్షరాల పొడవుండే వాటి వరకు ఇందులో ఎన్నో రకాలున్నాయి.

మైక్రో ఆర్‌ఎన్‌ఏల కథ సీ. ఎలిగాన్స్ అనే పురుగుతో మొదలైంది. ఈ పురుగు గుడ్డు నుంచి బయటపడ్డాక నాలుగు డింభక దశలు దాటి పెద్దదవుతుంది. ఏ దశలో ఏ కణం విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో తు.చ. తప్పకుండా నిర్ణయమై ఉంటుంది. ఈ కాలక్రమం తప్పిన పురుగులను 1980లలో విక్టర్ ఆంబ్రోస్, రాబర్ట్ హార్విట్జ్ అధ్యయనం చేశారు. లిన్-4 జన్యువు చెడిన పురుగు మొదటి దశలోని పనులనే మళ్ళీ మళ్ళీ చేస్తుంది; దాని కణాలు పెద్దరికానికి రావు. లిన్-28 చెడినదానికి నడమంత్రపు పెద్దరికం. మధ్య దశలను దాటవేస్తుంది.

1993లో ఆంబ్రోస్ బృందం లిన్-4 జన్యువును పట్టుకొని చూస్తే అందులో ప్రోటీన్ లేదు. ఇరవై రెండు అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క ఒకటి ఉంది. అదే సమయంలో గ్యారీ రవ్‌కున్ బృందం, ఆ ముక్క లిన్-14 అనే జన్యువు సందేశానికి చివర జతకట్టి దాని ప్రోటీన్‌ను తయారు కానివ్వదని చూపింది. ఇది పురుగుల్లో మాత్రమే ఉండే విశేషమని చాలామంది అనుకున్నారు. 2000లో రవ్‌కున్ బృందం లెట్-7 అనే రెండో ముక్కను కనుగొని, అది ఈగల నుంచి మనిషి దాకా ఒకే రూపంలో ఉందని నిరూపించాక ఆ అనుమానం తీరింది. మరుసటి ఏడు మైక్రో ఆర్‌ఎన్‌ఏ అన్న పేరు స్థిరపడింది. 2002లో జార్జి కాలిన్, కార్లో క్రోచే ఒక రకం రక్త క్యాన్సర్‌లో తరచు లోపించే క్రోమోజోము ముక్కలో రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలున్నాయని చూపడంతో క్యాన్సర్ పరిశోధన ఇటు మళ్ళింది. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి లభించింది.

కణం ఎప్పుడు బాల్యాన్ని వీడాలో చెప్పే ఆర్‌ఎన్‌ఏలు ఒకవైపు. బాల్యాన్ని వీడని కణాల జబ్బు మరొకవైపు. ఈ రెండు చరిత్రలు కలవడానికి ఎంతోకాలం పట్టలేదు.

కణితిలో చిన్న ఆర్‌ఎన్‌ఏలు

ఒకటవ క్రోమోజోములో లోపించే ముక్క గురించిన పాత ప్రశ్నకు 2007లో ఒక జవాబు దొరికింది. రేమండ్ స్టాలింగ్స్ బృందం ఆ ముక్కలో మిర్-34ఎ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఉందనీ, న్యూరోబ్లాస్టోమా కణాల్లో దాని మోతాదు పడిపోయి ఉందనీ, దానిని తిరిగి ప్రవేశపెడితే కణాలు తమంతట తాము చనిపోతాయనీ చూపింది. అదే ఏడాది వేరే ప్రయోగశాలలు, కణానికి కాపలాదారు అనదగిన పీ-53 ప్రోటీన్ ఆదేశంతోనే మిర్-34 కుటుంబం తయారవుతుందని కనుగొన్నాయి. మరుసటి ఏడు మిర్-34ఎ నేరుగా మిక్‌ఎన్ సందేశాన్నే అణచివేస్తుందని తెలిసింది. ఇంతకాలం ప్రోటీన్ జన్యువుల కోసం మాత్రమే వెదికినవారి కంటపడకుండా ఉండిపోయిన ఆర్‌ఎన్‌ఏ ఇది. ఆ ముక్కలో ఇతర కాపలా జన్యువులు కూడా ఉన్నాయి కనుక మొత్తం బాధ్యత దీనిదే అనడానికి వీల్లేదు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏలన్నీ బిడ్డ పక్షాన ఉండేవి కావు. పదమూడవ క్రోమోజోములో ఒకే తీగకు కాసినట్టు ఆరు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు వరసగా ఉన్నాయి. ఈ గుంపు పేరు మిర్-17-92. మిక్‌ఎన్ ప్రోటీన్ ఈ గుంపును ఉత్తేజపరుస్తుందని 2008లో తేలింది. ఇవి కణవిభజనకు పగ్గం వేసే పీ-21నూ, కణాన్ని మరణానికి సిద్ధపరిచే బిమ్‌నూ అణచివేస్తాయి. ఎదుగుదలను ఆపే సంకేతాలు పంపే మరొక వ్యవస్థను ఒకేసారి అనేక చోట్ల ఇవి దెబ్బతీస్తాయని 2010లో పీటర్ మెస్ట్‌డాగ్, ఆయన సహచరులు చూపారు. మిక్‌ఎన్ అధికారం చెలాయించేది తన ప్రోటీన్ ద్వారా మాత్రమే కాదు, ఈ చిన్న అనుచరుల ద్వారా కూడా.

పురుగు నుంచి బిడ్డకు

పురుగు చరిత్రకూ బిడ్డ జబ్బుకూ నేరుగా వంతెన వేసింది లిన్-28, లెట్-7ల జంట. లిన్-28 ప్రోటీన్ లెట్-7ను పరిపక్వం కానివ్వదని 2008లో స్పష్టమైంది. పిండదశలో లిన్-28 ఎక్కువ, లెట్-7 తక్కువ. కణం ఎదిగేకొద్దీ ఈ తూకం తిరగబడుతుంది. 2012లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ మోలెనార్ బృందం, తీవ్రమైన న్యూరోబ్లాస్టోమాల్లో లిన్-28బి మోతాదు ఎక్కువగా ఉండి లెట్-7ను అణచిపెడుతోందనీ, అందువల్ల మిక్‌ఎన్ పెరుగుతోందనీ ప్రకటించింది. ఎలుకల సహానుభూత నాడీకణాల్లో లిన్-28బిని అధికంగా తయారయ్యేలా చేస్తే వాటికి న్యూరోబ్లాస్టోమా వచ్చింది. అదే ఏడాది వేలమంది పిల్లల జన్యుక్రమాలను పోల్చిన మరొక అధ్యయనంలో, జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచే మార్పులు లిన్-28బి ఉన్న ప్రాంతంలోనే కనిపించాయి.

కథ అక్కడితో తేలిపోలేదు. 2016లో జార్జ్ డేలీ ప్రయోగశాల, మిక్‌ఎన్ ప్రతులు పెరిగిన కణాల్లో లిన్-28బిని తొలగించినా పెద్ద తేడా రావడం లేదని చూసింది. కారణం ఆసక్తికరమైనది. వందల ప్రతుల నుంచి పుట్టే మిక్‌ఎన్ సందేశాలు కణంలో ఎంత ఎక్కువగా ఉంటాయంటే, వాటికి అతుక్కోవడంతోనే లెట్-7 ముక్కలు ఖర్చయిపోతాయి. వేరే పనికి మిగలవు. ఇక్కడ మిక్‌ఎన్ సందేశం ప్రోటీన్‌కు వార్తాహరుడిగానే కాక, లెట్-7ను పీల్చుకొనే స్పాంజిలా కూడా పనిచేస్తోంది. మిక్‌ఎన్ ప్రతులు పెరగని కణితుల్లో మూడవ, పదకొండవ క్రోమోజోముల్లోని ముక్కలు తరచు లోపించి ఉంటాయి. ఆ ముక్కల్లో లెట్-7 జన్యువులున్నాయి. ఒకచోట నోరు నొక్కడం, ఒకచోట పీల్చివేయడం, మరొకచోట అసలు జన్యువునే పోగొట్టుకోవడం: దారులు వేరైనా చేరే చోటు ఒకటే. బాల్యం ముగిసిందని చెప్పే లెట్-7 గొంతు కణానికి వినిపించకుండా పోతుంది. వేరువేరు దుశ్శకునాలుగా దశాబ్దాలపాటు లెక్కపెట్టిన క్రోమోజోము లోపాలకు ఒక ఉమ్మడి అర్థం ఇలా దొరికింది.

జన్యువులు లేవనుకున్న చోట

2008లో ఫిలడెల్ఫియాలో జాన్ మారిస్ బృందం, న్యూరోబ్లాస్టోమా వచ్చిన పిల్లల జన్యుక్రమాలను ఆరోగ్యవంతుల వాటితో పోల్చి, ఆరవ క్రోమోజోములోని 6పీ22 ప్రాంతంలో తేడాలు కనుగొంది. తీవ్రమైన జబ్బుకూ ఆ తేడాలకూ సంబంధం ఉంది. చిక్కేమిటంటే, అక్కడ చెప్పుకోదగ్గ ప్రోటీన్ జన్యువేదీ లేదు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చంద్రశేఖర్ కందూరి బృందం 2014లో అక్కడ ఒక పొడవైన నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏను గుర్తించి, దానికి ఎన్‌బాట్-1 అని పేరు పెట్టింది. తీవ్రమైన కణితుల్లో దీని మోతాదు తక్కువ. దీనిని తొలగిస్తే కణాలు వేగంగా విభజన చెందుతాయి. నాడీకణాలుగా పరిణతి చెందే శక్తి తగ్గుతుంది. కొన్ని జన్యువులను మూసి ఉంచే ఇజెడ్‌హెచ్-2 అనే ప్రోటీన్‌తో కలిసి ఇది పనిచేస్తుంది. మరుసటి ఏడు మారిస్ బృందం అదే ప్రాంతంలోని కాస్క్-15 అనే మరొక ఆర్‌ఎన్‌ఏ పొట్టిరూపానికి కూడా కణితిని అదుపుచేసే గుణం ఉందని చూపింది. ఈ రెండూ డీఎన్‌ఏ ఎదురెదురు పోగుల నుంచి పుట్టే జంట. ఇవి కలిసి ఒక ప్రోటీన్ కణంలో ఎక్కడ ఉండాలో నియంత్రిస్తాయని 2018లో కందూరి బృందమే వివరించింది. ఆ ప్రోటీన్ జన్యువు పదిహేడవ క్రోమోజోములో, ఈ జబ్బులో తరచు అదనపు ప్రతులుగా కనిపించే భాగంలో ఉంది. దూరదూరంగా ఉన్న రెండు ఆధారాలను ఒక ఆర్‌ఎన్‌ఏ జంట ముడివేసింది.

నాన్‌కోడింగ్ అన్న ముద్రను కూడా శాశ్వతమని నమ్మడానికి లేదు. మిక్‌ఎన్ జన్యువుకు ఎదురు పోగు నుంచి నకలయ్యే ఆర్‌ఎన్‌ఏ ఒకటుంది. దానిని ఏ ప్రోటీన్‌కూ సంకేతం కానిదిగానే ఎక్కువమంది చూశారు. 2014లో జపాన్‌లో అకిరా నకగవారా, యూసుకె సుయెనాగా బృందం దాని నుంచి ఎన్‌సీమ్ అనే చిన్న ప్రోటీన్ తయారవుతోందని కనుగొంది. మనుషుల్లోనూ చింపాంజీల్లోనూ మాత్రమే ఉన్న ఈ ప్రోటీన్, మిక్‌ఎన్ త్వరగా విచ్ఛిన్నం కాకుండా కాపాడుతుంది. ఏ పనీ లేదని తేల్చడంలో చేసిన తొందర, ప్రోటీన్ లేదని తేల్చడంలోనూ జరగవచ్చునన్నమాట.

పరిశోధన నుంచి వైద్యానికి

ఎదగడం మరచిన కణాన్ని చంపడానికి బదులు ఎదిగేలా చేయవచ్చునన్న ఆలోచన వైద్యంలో ఇప్పటికే ఉంది. విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినాయిక్ ఆమ్లం న్యూరోబ్లాస్టోమా కణాలకు తగిలిస్తే అవి తోకలు సాచి నాడీకణాల్లా మారతాయి. మిక్‌ఎన్ తగ్గుతుంది, మైక్రో ఆర్‌ఎన్‌ఏల మోతాదులు మారతాయి. 1999లో ప్రచురితమైన పెద్ద క్లినికల్ పరీక్ష తరువాత ఇది తీవ్రమైన జబ్బు చికిత్సలో భాగమైంది. కణాల ఉపరితలం మీది జీడీ-2ను గుర్తుపట్టే యాంటీబాడీని జతచేస్తే, రెండేళ్ళపాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్న పిల్లల వాటా 46 శాతం నుంచి 66 శాతానికి పెరిగిందని 2010లో తేలింది. అయినా తీవ్రమైన జబ్బు ఉన్న పిల్లల్లో దీర్ఘకాలం బతికేవారు ఇప్పటికీ సుమారు సగం మందే.

మరి లోపించిన మైక్రో ఆర్‌ఎన్‌ఏనే మందుగా ఇస్తే? 2012లో స్టాలింగ్స్ బృందం మిర్-34ఎను జీడీ-2 యాంటీబాడీ పూసిన నానో కణాల్లో పెట్టి ఎలుకలకు ఇచ్చినప్పుడు న్యూరోబ్లాస్టోమా పెరుగుదల తగ్గింది. 2013లో, కొవ్వు బుడగల్లో పొదిగిన మిర్-34ఎ నమూనాతో కాలేయ క్యాన్సర్, ఇతర కణితులున్న పెద్దవారిలో తొలిదశ పరీక్ష మొదలైంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏను క్యాన్సర్ మందుగా మనుషులకు ఇవ్వడం అదే మొదలు. కొద్దిమందిలో కణితులు తగ్గాయి. కాని రోగనిరోధక వ్యవస్థ విపరీతంగా స్పందించి నలుగురు మరణించడంతో 2016లో పరీక్షను నిలిపివేశారు. ఎలుకల్లో కనిపించిన ఆశకూ మనిషి శరీరానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ మరణాలు గుర్తుచేశాయి.

అంతమాత్రాన ఈ దారి మూసుకుపోలేదు. పిల్లల వెన్నెముక నాడీకణాలు క్షీణించే జబ్బుకు ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసే మందు 2016లోనూ, ఒక వంశపారంపర్య నాడీవ్యాధికి చిన్న ఆర్‌ఎన్‌ఏ మందు 2018లోనూ అమెరికాలో అనుమతి పొందాయి. మొదటిదాన్ని నేరుగా వెన్నెముక ద్రవంలోకి ఇస్తారు. రెండవది కాలేయానికి చేరుతుంది. శరీరంలో పలుచోట్ల చెదిరిన కణితి కణాలకు ఆర్‌ఎన్‌ఏను చేర్చడం అంతకన్నా కష్టం. పైగా ఒక్కొక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ పదుల జన్యువులను అదుపుచేస్తుంది. దాని బలమూ అదే, దానితో ప్రమాదమూ అదే.

మందుకన్నా ముందు ఈ పరిశోధన సాయపడగలిగేది మొదటి ప్రశ్నకే: ఈ బిడ్డలో ఈ కణితి ఏ దారి పడుతుంది? ఆగడం కూడా వైద్యమేనని ఇప్పుడు ఆధారాలున్నాయి. ఆరు నెలల లోపు శిశువుల అధివృక్క గ్రంథిలో కనిపించిన చిన్న కణితులను కోయకుండా, జాగ్రత్తగా గమనిస్తూ వచ్చిన అమెరికా అధ్యయనం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. అలా గమనించిన వారిలో 81 శాతం మందికి శస్త్రచికిత్స అవసరమే రాలేదు. మూడేళ్ళ తరువాత అందరూ బతికే ఉన్నారు. అయితే అక్కడ నిర్ణయానికి ఆధారం బిడ్డ వయసూ, కణితి పరిమాణమూ. అంతకన్నా పెద్ద పిల్లల విషయంలో, మరింత పెద్ద కణితుల విషయంలో అంత ధైర్యంగా ఆగాలంటే కణం తన ఎదుగుదల క్రమంలో ఎక్కడ నిలిచిపోయిందో, మళ్ళీ కదలగలదో లేదో తెలియాలి. లెట్-7, మిర్-34ఎ, ఎన్‌బాట్-1 వంటివి ఆ స్థితిని కొంతవరకు పట్టిచూపగల గుర్తులు. వాటి కొలతను నమ్మి ఒక బిడ్డకు మందు వేయడమో మానడమో చేయగలిగినప్పుడు, పురుగులో కాలక్రమం కోసం జరిగిన వెదుకులాటకు పసివాడి పడక పక్కన కూడా చోటు దొరుకుతుంది.